అమెరికాలో పేడే లోన్ (జీతం రాగానే తీర్చాల్సిన చిన్న అప్పు) వడ్డీ రాష్ట్రానికో రకంగా ఎందుకుంటుంది? మార్చలేమా?

ముందు మన లెక్కలో చూద్దాం. 100 డాలర్లకు రెండు వారాలకు 15 డాలర్ల ఫీజు మామూలు. అంటే నూటికి నెలకు సుమారు 32 రూపాయల వడ్డీ, ఏడాదికి 390 శాతం! 500 డాలర్లు తీసుకుని, జీతం రోజున తీర్చలేక నాలుగుసార్లు ఫీజు మాత్రమే కడుతూ పోతే 300 డాలర్లు పోతాయి, అసలు అలాగే ఉంటుంది.

వడ్డీ పరిమితిని ఎక్కువగా రాష్ట్రాలే పెడతాయి. అన్ని అప్పులకూ ఒకే పరిమితి పెట్టే అధికారం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) వినియోగదారుల బ్యూరోకి లేదు. సైనికులకు మాత్రం 2006 చట్టం 36 శాతం దాటనివ్వదు. అది మన మూడు రూపాయల వడ్డీయే. టెక్సాస్‌లో కంపెనీలు 'మేం అప్పు ఇప్పించే మధ్యవర్తులం' అంటూ వడ్డీ బదులు ఫీజు గుంజుతాయి. ఆ ఫీజుకు రాష్ట్ర చట్టంలో పరిమితే లేదు.

కొన్ని రాష్ట్రాల్లో మార్పు ఓటు పెట్టె నుంచే వచ్చింది. దక్షిణ డకోటా (2016), కొలరాడో (2018), నెబ్రాస్కా (2020) ఓటర్లు నేరుగా 36 శాతానికి ఓటేశారు. ఇల్లినాయ్‌లో 2021లో శాసనసభే చేసింది.

ఒహాయో కథ మాత్రం తప్పక తెలుసుకోవాలి. 2008లో ఓటర్లు 28 శాతం పరిమితిని సమర్థించారు. కంపెనీలు చక్కగా వేరే చట్టం కింద లైసెన్సు తెచ్చుకుని అదే కౌంటర్లో అదే వ్యాపారం నడిపాయి. ఆ కన్నం పూడ్చడానికి 2018 దాకా పట్టింది. అందుకే మీ రాష్ట్రంలో ఉద్యమించేవాళ్లు శాతం ఒక్కటే అడిగితే చాలదు, ఫీజులన్నీ ఆ శాతంలోనే కలపాలని రాయించాలి.