ఇయర్ 11 పూర్తయ్యాకే నెల్లూరులో ఇంటర్

కావలి సోదరి గారికి నమస్కారం. దోహాలోని బ్రిటిష్ పాఠశాలలో ఇయర్ 10 చదువుతున్న మీ అబ్బాయిని ఈ ఏడే తీసుకువచ్చి నెల్లూరులో ఇంటర్‌లో చేర్పించవచ్చునా అని అడిగారు. తొందరపడవద్దండి. ఇయర్ 10 మన తొమ్మిదో తరగతికే సమానం. ఇయర్ 11 చివర జరిగే ఐజీసీఎస్‌ఈ (బ్రిటిష్ విధానంలోని పదో తరగతి స్థాయి బోర్డు) పరీక్షలలో కనీసం ఐదు సబ్జెక్టులలో సి లేదా అంతకన్నా మంచి గ్రేడు వస్తేనే భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం దానిని పదో తరగతితో సమానంగా గుర్తిస్తుంది.

అసలు చిక్కు తేదీలతోనే వస్తుంది: మే, జూన్ పరీక్షల ఫలితాలు ఆగస్టులో వెలువడతాయి, ఇక్కడి తరగతులు అప్పటికే మొదలై ఉంటాయి. కనుక తాత్కాలిక ప్రవేశం ఇస్తారో లేదో కళాశాల ప్రిన్సిపాల్ గారి నుంచి ముందుగానే రాతపూర్వకంగా తీసుకోండి. డాక్టరు చదువు ఆశ ఉందన్నారు కాబట్టి, కంబైన్డ్ సైన్స్ కాకుండా భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను విడివిడిగా చదవనివ్వండి. బైపీసీకి ఆ పునాది ఎంతో అవసరం, ఈ ఒక్క విషయంలో రాజీపడవద్దని నా మనవి.