ఈ కుండలోంచి ఆ కుండలోకి

ప్రశ్న: కువైట్‌లో 18 ఏళ్లు డ్రైవర్‌గా చేసి కోనసీమలోని మా ఊరికి తిరిగొచ్చాను. నేను పడ్డ కష్టం మావాడు పడకూడదని అడిగిందల్లా కొనిచ్చాను. వాడికిప్పుడు 23. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే, హాస్టల్లో ఏసీ లేదని మూడు వారాలకే వచ్చేశాడు. ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. గట్టిగా అంటే వాళ్లమ్మ అడ్డొస్తుంది. చర్చి సంఘంలో పెద్దని, తలెత్తుకోలేకపోతున్నాను.

జవాబు: తలెత్తుకునే సంగతి కాసేపు పక్కన పెట్టండి. అది మీ బాధ, వాడిది కాదు.

బైబిల్లో దావీదు రాజు చిన్నప్పుడు గొర్రెలు కాస్తూ సింహంతో, ఎలుగుబంటితో తలపడి గట్టిపడ్డ మనిషి. ఆయన కొడుకు అదోనీయాకు ఆ అవసరం రాలేదు. ‘నువ్వెందుకిలా చేశావు’ అని తండ్రి ఏనాడూ అడిగి అతన్ని నొప్పించలేదని మొదటి రాజుల గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఉంది. ముసలి తండ్రి మంచాన ఉండగానే రథాలు, గుర్రాలు, ముందు పరుగెత్తడానికి యాభై మందిని పెట్టుకుని నేనే రాజునన్నాడు. దావీదు మరో కొడుకు సొలొమోనుకు పట్టాభిషేకమైందని తెలియగానే విందుకొచ్చినవాళ్లు లేచి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇతగాడు ప్రాణభయంతో పరుగెత్తి, శరణు కోరి బలిపీఠం కొమ్ములు పట్టుకున్నాడు. అంత హడావిడికీ ఒక్క పూట దెబ్బ కాచుకునే బలం లేదు.

బైబిల్లోనే యిర్మీయా ప్రవక్త గ్రంథం 48వ అధ్యాయంలో మోయాబు దేశం గురించి ఒక మాట ఉంది. చిన్నప్పటినుంచీ నెమ్మదిగా బతికి, ఈ కుండలోంచి ఆ కుండలోకి పోయకుండా మడ్డి మీదే ఉండిపోయిన ద్రాక్షారసం అంటాడు ప్రవక్త. కుండలు మారిస్తేనే మడ్డి అడుగున ఆగి రసం తేటపడుతుంది. మీవాణ్ని ఆ మూడు వారాలే కుండ మార్చారు. తర్వాతి వచనంలో కుమ్మరించేవాళ్లు వచ్చి జాడీలే పగలగొడతారు. అందాకా ఆగకండి.

అలాగని రోడ్డు మీదికి తోసెయ్యమనడం లేదు. ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని చావు కోరుకుంటే, దేవుడు ముందు నిద్రపోనిచ్చి రొట్టె పెట్టించాడు. మీవాడికి నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే, మనుషులకు మొహం చాటేస్తుంటే, అది సుఖం ఎక్కువై వచ్చింది కాకపోవచ్చు. మానసిక వైద్యుడికి చూపించండి.

అదేం లేదంటే, వాడు లేనప్పుడు మీరూ మీ ఆవిడా కూర్చుని ఒక మాట మీదికి రండి. అన్నం, పడక ఎప్పుడూ ఉంటాయి. పెట్రోలు, ఫోన్ రీచార్జి మాత్రం వచ్చే నెలనుంచి వాడివే. దగ్గర టౌన్లో చిన్న జీతమైనా సరే, చేరనివ్వండి.

ఇంకొకటి. కువైట్‌లో మీ గదిలో ఎంతమంది పడుకునేవారో వాడికెప్పుడైనా చెప్పారా? చాలామంది గల్ఫ్ తండ్రులు సెంట్లు, చాక్లెట్లు పంపుతారు గానీ ఆ గది సంగతి పంపరు. చెప్పండి, కానీ ముందు దావీదు అడగని ప్రశ్న మీరు అడగండి, తిట్టినట్టు కాకుండా: ‘ఆ మూడు వారాల్లో ఏం జరిగిందిరా?’ ఏసీ ఒట్టి సాకు కావచ్చు. వాడు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో దూరకండి. కువైట్ కబుర్లు మర్నాటికి ఉంచండి.