పరిశోధన వ్యాసం ఎక్కడికి పంపాలి? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో వాణిజ్యశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చిల్లర వర్తకులు డిజిటల్ చెల్లింపులను ఎలా వాడుకుంటున్నారో తెలుసుకోవడానికి యశవంతపుర మార్కెట్‌లో ఏడాదిపాటు తిరిగి ఒక వ్యాసం రాశాను. అన్ని శాస్త్రాలకూ చెందిన అంతర్జాతీయ పత్రికగా చెప్పుకునే ఒక జర్నల్, రెండున్నర వేలు పంపితే మూడు రోజుల్లో ప్రచురిస్తామని మెయిల్ పంపింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తించిన పత్రికల ‘కేర్’ జాబితా ఎత్తేశారు కాబట్టి ఇక ఏ జర్నల్ అయినా ఒకటేనని తోటి విద్యార్థులు అంటున్నారు. పంపమంటారా?
– పేరు వెల్లడించవద్దని కోరిన పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పంపకండి అమ్మా. మీరు ఏడాది తిరిగి రాసిన వ్యాసాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు శ్రద్ధగా చదివి, అభిప్రాయం రాసి పంపడానికి మూడు రోజులు ఎలా సరిపోతాయి? అంత తొందరగా అచ్చువేస్తామంటున్నారంటే ఎవరూ చదవరనే అర్థం.

మీరు జతచేసిన మెయిల్‌నూ, ఆ జర్నల్ తాజా సంచికనూ తీరికగా చూశాను. చేపల పెంపకం, జీఎస్టీ, ప్రబంధ కవిత్వం, కాంక్రీటు మిశ్రమాలు ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. వీటన్నింటికీ కలిపి సంపాదకులు ముగ్గురే. అనేక శాస్త్రాల వ్యాసాలు ఒకచోట ఉండటాన్ని నేను తప్పుపట్టడం లేదు. మన బెంగళూరు నుంచే 1932లో మొదలైన ‘కరెంట్ సైన్స్’ ఇన్నేళ్లుగా భౌతికశాస్త్రం నుంచి వృక్షశాస్త్రం దాకా అన్నింటికీ చోటిస్తూనే ఉంది. అయితే అలాంటి పత్రికలో వృక్షశాస్త్ర వ్యాసాన్ని ఆ శాస్త్రం తెలిసినవారి చేత చదివిస్తారు. మీకు వచ్చిన మెయిల్‌లో ఆ ఏర్పాటు గురించి ఒక్క మాట కూడా లేదు.

అందులో పెద్ద అక్షరాలతో వేసిన రెండు వివరాల గురించి కూడా చెప్పాలి. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికను గుర్తించడానికి ఇచ్చే సంఖ్య, వాహనానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు వంటిది. బండిని గుర్తుపట్టడానికి పనికొస్తుంది కాని, బ్రేకులు సరిగ్గా పనిచేస్తాయో లేదో చెప్పదు. ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, ఒక పత్రిక గత రెండేళ్లలో ప్రచురించిన వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క. నిరుడే మొదలైన ఈ పత్రికకు రెండేళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? ఆ అంకెను ఎవరో అమ్మారు, వీరు కొన్నారు.

ఇది మన దేశానికే పరిమితమైన వ్యవహారం కాదు. జాన్ బోహానన్ అనే విలేకరి, చదువుకున్న ఏ సమీక్షకుడైనా ఇట్టే పట్టుకోగలిగిన తప్పులతో ఒక కల్పిత క్యాన్సర్ పరిశోధన వ్యాసం తయారుచేసి, 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) పత్రికలకు పంపితే, 157 పత్రికలు దాన్ని ఆమోదించాయి. ఆ సంగతి 2013లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది.

కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఉపసంహరించుకున్న మాట నిజమే. దాని బదులు కొన్ని సూచకాలు ఇచ్చి, పత్రికల మంచిచెడ్డలను విద్యాసంస్థలే తేల్చుకోవాలని చెప్పింది. అంటే ఇదివరకు జాబితా చూసి ఊరుకున్నవారు ఇప్పుడు పత్రికను తెరిచి చదవాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ముందే వ్యాసం ప్రచురించి తీరాలన్న నియమాన్ని యూజీసీ 2022 నిబంధనల్లోనే తొలగించింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా షరతు పెట్టిందేమో కనుక్కోండి. లేకపోతే ఈ తొందర అసలే అక్కరలేదు.

మరి ఎక్కడికి పంపాలంటే, జవాబు మీ వ్యాసం చివరి పుటల్లోని ఆధారాల జాబితాలోనే ఉంది. మీరు నిజంగా ఆధారపడిన వ్యాసాలు ఆరో ఏడో ఉంటాయి. అవి వచ్చిన పత్రికలేవో చూడండి. మీ మాట వినవలసినవారు ఆ పత్రికలనే చదువుతారు. వాటి గత రెండేళ్ల సంచికలు తెరిస్తే, చాలా పత్రికల్లో వ్యాసం మొదటి పుటలోనే అది అందిన తేదీ, సవరించి పంపిన తేదీ, ఆమోదించిన తేదీ ఉంటాయి. వాటి మధ్య నెలల ఎడం కనిపిస్తే, అక్కడ ఎవరో కూర్చుని చదువుతున్నారన్నమాట. రుసుము అడిగిన ప్రతి పత్రికా మోసం కాదు. పేరున్న ఓపెన్ యాక్సెస్ పత్రికలు కూడా వసూలు చేస్తాయి. కాని సమీక్ష జరగకముందే డబ్బు అడిగినవారికి మాత్రం జవాబు కూడా రాయకండి.

ప్రశ్న: చెన్నైలో తెలుగు పరిశోధకుణ్ణి. ఇక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోని ఒక తాళపత్ర ప్రతి మీద రాసిన వ్యాసం, సమీక్షకుల రెండు పుటల ఆక్షేపణలతో తిరిగి వచ్చింది. ఆ ప్రతికి భాండాగారంలో ఉన్న సంఖ్య ఇవ్వలేదనీ, ఇతర ప్రతులతో పోల్చలేదనీ, పాఠభేదాలు చూపలేదనీ రాశారు. మనసు విరిగింది. ఇంకో పత్రికకు పంపేయమంటారా?
– పాఠకుడు, ట్రిప్లికేన్

జవాబు: మీ వీధుల్లోనే తిరిగిన ఒక యువకుడి సంగతి చెబుతాను. 1911లో శ్రీనివాస రామానుజన్‌కు ఇంకా పోర్ట్ ట్రస్టు గుమాస్తా ఉద్యోగం కూడా రాలేదు. బెర్నూలీ సంఖ్యల ధర్మాల మీద తాను రాసిన తొలి వ్యాసాన్ని ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికకు ఇచ్చారు. దాని సంపాదకులు ఎం.టి. నారాయణ అయ్యంగార్, మా ఊళ్లో సెంట్రల్ కాలేజీ గణితాచార్యులు. పద్ధతులు కొత్తవి, రాత మరీ క్లుప్తం, మామూలు పాఠకుడికి అందే స్పష్టత లేదు. అయినా అయ్యంగార్ దాన్ని బుట్టలో వేయలేదు, ఉన్నదున్నట్టు అచ్చూ వేయలేదు. మద్రాసుకూ బెంగళూరుకూ మధ్య ఆ రాతప్రతి మళ్ళీ మళ్ళీ తిరిగింది. చివరికి ఆ ఏడాదే అచ్చయింది. కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీకి రామానుజన్ ఉత్తరం రాసింది ఆ తర్వాత, 1913లో.

మీకు వచ్చిన రెండు పుటలను ఆ దృష్టితో మళ్ళీ చదవండి. మీ వ్యాసాన్ని తేలిగ్గా తీసుకున్నవారు రెండు పుటలు రాయరు, రెండు వాక్యాలతో తిప్పి పంపుతారు. పైగా ఆ ఆక్షేపణలు న్యాయమైనవి. ప్రతి సంఖ్య లేకపోతే, రేపు మరో పరిశోధకుడు భాండాగారానికి వెళ్ళి మీరు చూసిన ఆకులనే చూడాలంటే ఏమి అడగాలి? ఒక్క ప్రతిలో కనిపించిన పాఠం కవిదో, లేఖకుడి చేజారుడో మరో ప్రతి చూడకుండా తేలదు.

సవరణ పంపేటప్పుడు వేరే కాగితం మీద ఒక్కొక్క ఆక్షేపణా ఎత్తిరాసి, దాని కింద మీరు ఏమి మార్చారో, ఏ పుటలో మార్చారో చెప్పండి. ఒప్పుకోలేనిది ఉంటే కారణం చూపి మర్యాదగా కాదనండి. సంపాదకులు దాన్ని తప్పుగా తీసుకోరు. ఇదే వ్యాసాన్ని ఇప్పుడు రెండో పత్రికకు కూడా పంపి ఉంచుదామని మాత్రం అనుకోవద్దు. ఒకేసారి రెండుచోట్ల పరిశీలనలో ఉంచడం ప్రచురణ నీతికి విరుద్ధం. బయటపడితే రెండూ పోతాయి.

ప్రశ్న: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి. దేశమంతటికీ కలిపి ఒకే చందాతో జర్నళ్ళు అందించే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద నాలాంటివారు కూడా జర్నళ్ళు చదవవచ్చా?
– పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: ఇప్పటికి అది సంస్థలకే. 6,000 కోట్ల రూపాయలతో 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, కేంద్ర పరిశోధన సంస్థలకూ వర్తిస్తుంది. అయినా మీకు దారులు లేకపోలేదు. సి.వి. రామన్ 1934లో మన ఊళ్లో నెలకొల్పిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నడిపే ‘రెజొనెన్స్’ అనే విజ్ఞానశాస్త్ర బోధన పత్రిక పాత సంచికలు ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. బోధన మీద మక్కువ ఉన్నవారికి అంతకన్నా మంచి చదువు నాకు తెలియదు. భౌతికశాస్త్రంలో కొత్త వ్యాసాలు చాలా వరకు ‘ఆర్కైవ్’ (arXiv) అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ముందుగానే కనిపిస్తాయి. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉన్నాయి. ఎక్కడా దొరకని వ్యాసం ఉంటే, దాని మొదటి పుటలో రచయిత మెయిల్ చిరునామా ఉంటుంది. మీరెవరో, దాన్ని ఎందుకు చదవాలనుకుంటున్నారో నాలుగు వాక్యాలు రాసి ఒక ప్రతి పంపమని అడగండి.