బైఅవుట్ ఆఫర్‌లో ఫీమా డబ్బు కోత పడుతుందా?

హ్యూస్టన్‌లో వరదకి మునిగిన ఇల్లు బైఅవుట్‌కి, అంటే ప్రభుత్వమే కొనేసుకునే పథకానికి ఇస్తే, ముందు తీసుకున్న ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సాయ సంస్థ) సాయం, ఇన్సూరెన్స్ డబ్బు ఆ ఆఫర్ ధరలోంచి తగ్గించేస్తారా అని అడిగారు. తగ్గిస్తారు. కానీ రిపేర్లకే ఖర్చయిందని రసీదులు చూపిస్తే ఆ మేరకు కోత ఉండదు. షీట్‌రాక్ (గోడలకి వేసే బోర్డు), ఫ్లోరింగ్, కాంట్రాక్టర్ బిల్లు, ఏదీ పారేయకండి. ఇంట్లో సామాన్లకి వచ్చిన క్లెయిము జోలికి రారు. ఎస్‌బీఏ (ప్రభుత్వ చిన్న వ్యాపారాల సంస్థ) ఇచ్చిన విపత్తు లోనుంటే మాత్రం క్లోజింగ్‌లోనే, అంటే ఇల్లు రాసిచ్చేటప్పుడే తీర్చేయాలి.

మీరు అడగని చిక్కు ఒకటుంది, అదే పెద్దది. వరదకి ముందున్న మార్కెట్ ధర కావాలంటే అప్పటికే ఇల్లు మీ పేర ఉండాలి, మీరు సిటిజనో, గ్రీన్ కార్డుదారు లాంటి అర్హత ఉన్న వలసదారో అయ్యుండాలి. హెచ్‌1బీ మీదుంటే ఇప్పటి ధరే, అంటే మునిగాక పడిపోయిన రేటు.

దరఖాస్తు ఫీమాకి కాదు, హ్యారిస్ కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్‌కి (స్థానిక వరద నియంత్రణ సంస్థ) పెట్టండి. ఫీమా నిధులతో కొనేది స్వచ్ఛందమే, ధర నచ్చకపోతే వద్దనొచ్చు.