అత్తగారితో కుమనో కోడో: నడక కాదు, భోజనమే కష్టం

"జపాన్‌లో కుమనో కోడో తీర్థయాత్రకి అరవై దాటిన పెద్దవాళ్ళనీ పిల్లల్నీ తీసుకెళ్ళొచ్చా? అక్కడి షింటో గుళ్ళు మనవాళ్ళకి నచ్చుతాయా?" అని అడిగారు.

నిక్షేపంగా తీసుకెళ్ళండి. కిందటి నవంబరులో మా అత్తగారు రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడతో, ఇద్దరు పిల్లలతో మేం వెళ్ళొచ్చాం. మేం ఉండేది టోక్యో నిషి-కసాయిలో. ఆవిడకి అరవై ఎనిమిది, మా అమ్మాయికి పదమూడు, అబ్బాయికి తొమ్మిది. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ చక్కగా నడిచారు. రోజూ జిమ్‌కి వెళ్ళే మా ఆయనకి మాత్రం బొబ్బలెక్కాయి.

యూట్యూబ్‌లో చూసి భయపడకండి. వాళ్ళు చూపించేది తకిజిరి నుంచి కుమనోలోని ముఖ్యమైన గుడి హోంగూ దాకా కొండలెక్కే నకహెచి దారి. సుమారు 40 కిలోమీటర్లు, మామూలుగా రెండు రోజుల నడక, మొదలే నిట్టనిలువు ఎక్కుడు. అదంతా నడిస్తేనే యాత్ర అని ఎవరన్నా అంటే వినకండి. షిన్-ఒసాకాలో కురోషియో రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో కీ-తనబె స్టేషన్. అక్కడి నుంచి కొండల్లో బస్సు, ఇంకో రెండు గంటలు. రాత్రి యునొమినె అనే వేడినీటి బుగ్గల ఊళ్ళో ఉండి, పొద్దున్నే హొష్షిన్మోన్ దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి హోంగూ గుడి దాకా నడవండి. 7 కిలోమీటర్లు, ఎక్కువగా దిగుడే. మధ్యలో తేయాకు తోటలు, పల్లె ఇళ్ళు, ఆ తర్వాత దేవదారు లాంటి సుగి చెట్ల అడవి. దారి పొడుగునా ప్రతి 500 మీటర్లకీ నంబరు వేసిన గుంజ ఉంటుంది. తకిజిరిలో ఒకటితో మొదలై హోంగూలో 75తో ఆగుతుంది. మావాడు ఆ నంబర్లు వెతుక్కుంటూ ముందు పరిగెత్తాడు కాబట్టి "ఇంకెంత దూరం" అన్న గోల తప్పింది.

దారిలో 'ఓజి' అనే చిన్న చిన్న గుళ్ళు తగులుతాయి. కొన్నిచోట్ల గుడి కూడా మిగల్లేదు, ఒక రాయి ఉంటుంది, అంతే. పక్కన చెక్కపెట్టెలో రబ్బరు స్టాంపు ఉంటుంది, పుస్తకంలో గుద్దుకోవాలి. పిల్లలకి ఇంతకంటే ఆకర్షణ అక్కర్లేదు.

ఇక నేను చెప్పాలనుకున్న సంగతి. మీరు అడగలేదు, అయినా ఆడపిల్లలున్న ఇంటికి ఇదే ముఖ్యం.

హోంగూకి నడవాల్సిన రోజు పొద్దున సత్రంలో మా అమ్మాయికి నెలసరి వచ్చింది. నాకు టెన్షన్ లేదు, ప్యాడ్లు సంచిలో ఉన్నాయి. టెన్షనంతా అత్తయ్యగారికే. నన్ను పక్కకి పిలిచి, మెల్లగా అన్నారు: "నడవనీ, పరవాలేదు. గుడి లోపలికి మాత్రం వద్దమ్మా. బయట బల్ల మీద కూర్చుంటుంది, తోడుగా నేనూ కూర్చుంటాను." అంత దూరం వచ్చి, అంత నడిచి, మనవరాలి కోసం తను కూడా గుడి మానుకోవడానికి ఆవిడ సిద్ధపడిపోయారు. అలాంటి మనిషితో ఏమని పోట్లాడతాం? నేను ఊరుకున్నాను. మా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. దారంతా మూతి ముడుచుకుని, నానమ్మకి ఇరవై అడుగులు వెనక నడిచింది.

సగం దారి దాటాక ఫుషిఒగామి అనే చోటు వస్తుంది. వారాల తరబడి నడిచొచ్చిన పాతకాలం యాత్రికులకి హోంగూ మొట్టమొదట కనిపించేది అక్కడి నుంచే. చూడగానే నేల మీద పడి దణ్ణం పెట్టేవారట. ఒక చిన్న రాతి స్తూపం, దాని పక్కన ఒక బోర్డు ఉన్నాయి. మా అమ్మాయి చదివేది జపనీస్ బడిలో, బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేదు. చదివి, కాసేపు అక్కడే నిలబడిపోయి, అంత దూరం నుంచే "నానమ్మా, ఇలా రా!" అని అరిచింది.

ఆ స్తూపం ఇజుమి షికిబు పేరు మీద ఉంది. వెయ్యేళ్ళ కింద క్యోతో రాజదరబారులో ఉన్న కవయిత్రి. ఆవిడ కుమనో యాత్రకి వచ్చి, సరిగ్గా హోంగూ కనుచూపు మేరలోకి వచ్చాక బయట చేరిందట. ఇక గుడికి వెళ్ళకూడదు కదా అని, ఆ బాధ మీద ఒక పద్యం చెప్పుకుని పడుకుందట. రాత్రి కలలో కుమనో దేవుడు పద్యంలోనే జవాబిచ్చాడట: నేను మొదటినుంచీ ఈ లోకపు దుమ్ములో కలిసి తిరిగేవాణ్ణే, నీ నెలసరి నాకేం అడ్డం, రా అని. ఆవిడ మర్నాడు వెళ్ళి దర్శనం చేసుకుంది.

మా అమ్మాయి వచ్చీ రాని తెలుగులో, తడుముకుంటూ, మధ్యమధ్యలో జపనీస్ మాటలు దొర్లిస్తూ ఈ కథ చెప్తుంటే, అత్తయ్యగారు చేతికర్రకి గడ్డం ఆన్చి విన్నారు. అంతా అయ్యాక ఒకే ప్రశ్న వేశారు.

"ఈ మాట దేవుడే అన్నాడా, పూజారెవరైనా అన్నాడా?"

"దేవుడే నానమ్మా. కలలో."

"అయితే సరే. ఊరు ఆయనది, పద్ధతి ఆయనది. మధ్యలో మనమెవరం?" అని లేచారు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "మన ఊళ్ళో మాత్రం ఈ కబుర్లు చెప్పకు" అన్నారు.

పిల్ల హోంగూలో 158 రాతిమెట్లు గబగబా ఎక్కేసింది. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగడం అక్కడి పద్ధతి. మా అత్తగారు కొట్టిన చప్పట్లకి అక్కడున్న జపాన్ వాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఆవిడ అక్కడికక్కడే మారిపోయారని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. తర్వాతి నెల టోక్యోలో మా దేవుడి గూటి దగ్గరికి అమ్మాయిని మళ్ళీ రానివ్వలేదు. అదేమిటంటే, "ఇది మన వెంకటేశ్వరస్వామి, ఆయన కలలో ఏమీ చెప్పలేదు" అన్నారు.

నా లెక్కలో కుమనో ఇన్ని వందల ఏళ్ళు నిలబడింది ఎవర్నీ వద్దనకపోవడం వల్లే. గోషిరకవ అనే మాజీ చక్రవర్తి ముప్ఫైసార్లకి పైగా వచ్చాడని గొప్పగా చెప్తారు. కానీ తర్వాత తర్వాత చీమల బారులా వచ్చింది మామూలు జనమే, అందులో ఆడవాళ్ళూ బోలెడుమంది. కుమనో భిక్షుణులని సన్యాసినులు ఊరూరా తిరిగి, బొమ్మల పటాలు విప్పి కథలు చెప్పి, చందాలు వసూలు చేసేవారు. "అంటే మార్కెటింగ్ అన్నమాట" అన్నాడు మా ఆయన. అయితే అయింది! ఆడవాళ్ళని రమ్మని చేసిన మార్కెటింగ్ చరిత్రలో ఎన్నిచోట్ల ఉందో చెప్పమనండి.

అలాగని "జపాన్‌లో ఇలాంటి పట్టింపులే లేవు" అని వాట్సాప్‌లో తిప్పకండి. షింటోలోనూ రక్తం అంటే మైలే. కుమనో దారులూ ఒమినె కొండా 2004లో ఒకే యునెస్కో జాబితాలో చేరాయి. ఆ ఒమినె కొండ మీదికి ఇవాళ్టికీ ఆడవాళ్ళని ఎక్కనివ్వరు, గేటు దగ్గర బోర్డే ఉంటుంది. కోయ కొండ కూడా ఆ జాబితాలోదే, ఒకప్పుడు అక్కడా ఇదే వరస.

పెద్దవాళ్ళకి నచ్చుతుందా అన్నారు. హోంగూలో అత్తయ్యగారికి కాస్త వెలితే. లోపల విగ్రహం కనపడదు, తీర్థం లేదు, శఠగోపం లేదు. పైగా ఎక్కడ చూసినా మూడు కాళ్ళ కాకి బొమ్మే, ఆఖరికి పోస్టు డబ్బా మీద కూడా. అదే కాకి జపాన్ ఫుట్‌బాల్ జట్టు జెర్సీ మీద ఉంటుందని మావాడు ఎగిరి గంతేస్తే, "తద్దినం నాడు తప్ప కాకితో పనేమిటి, దేవుడి దగ్గర దీన్ని పెట్టారేం" అని ఆవిడ గొణిగారు. హోంగూ గుడి అసలు చోటు అది కాదు, కింద నది ఒడ్డున ఉన్న ఒయునొహారా. 1889 వరదలో చాలా మటుకు కొట్టుకుపోతే, మిగిలినవాటిని 1891లో పైకి చేర్చారు. పాత చోట ఇప్పుడు పొలాల మధ్య దాదాపు 34 మీటర్ల ఎత్తు తోరణద్వారం నిలబడి ఉంటుంది. చాలామంది గుడి చూసి బస్సెక్కేస్తారు, మీరు కిందికి కూడా వెళ్ళండి.

కుమనోలోనే ఇంకో పెద్ద గుడి ఉన్న నాచిలో మాత్రం ఆవిడ కదల్లేదు. 133 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతమే అక్కడ దేవుడు. జలపాతం దగ్గరున్న హిరో గుడిలో వేరే గర్భగుడి లేదు, ఎదురుగా నీళ్ళకే దణ్ణం. గంగమ్మని కొలిచే మనిషికి ఇందులో వివరించాల్సిందేముంది? పైన నాచి గుడిని ఆనుకునే సెయిగాంతొ-జి అనే బౌద్ధాలయం ఉంది. పూర్వం భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకొచ్చిన ఒక దిగంబర సన్యాసి దాన్ని స్థాపించాడని స్థలపురాణం. అది విన్నప్పటి నుంచి ఆవిడకి ఆ ఊరంతా మనదే. ఆ సన్యాసి కోనసీమ నుంచే బయల్దేరి ఉంటాడని తేల్చేశారు కూడా.

అసలు ఇబ్బంది భోజనం. శాకాహారులైతే జాగ్రత్త. కూర, పులుసు, ఆఖరికి ఉడికించిన ముల్లంగిలో కూడా ఎండుచేప రసం ఉంటుంది. మేం బస చేసిన సత్రంలో ముందే ఈమెయిల్ పెట్టినా, "చేప లేదు, రసం మాత్రమే" అని నవ్వుతూ తెచ్చిపెట్టారు. "మాంసం తినం" అంటే చాలదు, "కత్సుఒబుషి (ఎండుచేప తురుము) కూడా వద్దు" అని రాసి పంపండి. మమ్మల్ని కాపాడింది రెండే. ఒకటి ఉమెబోషి, ఆ ప్రాంతంలో పండే పుల్లటి కాయని ఉప్పులో ఊరేస్తారు, మన ఊరవేసిన ఉసిరికాయలా అన్నంలోకి బ్రహ్మాండం. రెండోది యునొమినె వేడినీటి బుగ్గ. నీళ్ళు 90 డిగ్రీల దాకా కాగుతుంటాయి, అందరూ వలసంచిలో గుడ్లు వేసి ఉడకబెట్టుకుంటారు. అత్తయ్యగారు తనబె సూపర్‌మార్కెట్లో చిలగడదుంపలు కొనిపించి, తాడు కట్టి అందులోకి దింపారు. గుడ్లు పావుగంటలోపే అయిపోతాయి, దుంపలకి బాగా ఎక్కువసేపు పడుతుంది. అంతసేపూ గుడ్లవాళ్ళకి తన సంచి తగలకుండా కాపలా కాశారు. గంధకం వాసన వేసినా అందరం లాగించేశాం.

సూట్‌కేసులు మోయొద్దు, ఒక బస నుంచి ఇంకో బసకి చేర్చే వాళ్ళుంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు, ఆ కొండల్లో వానలు మామూలుగా ఉండవు, తుఫాన్లొస్తే దారులే మూసేస్తారు. హొష్షిన్మోన్ బస్సులు రోజుకి కొన్నే, టైమ్‌టేబుల్ ముందు రోజే ఫోటో తీసి పెట్టుకోండి. పొద్దున బస్సే ఎక్కండి, ఫుషిఒగామి దగ్గర తీరిగ్గా కూర్చోవడానికి టైముంటుంది.