ఎండకి కాదు, వానకి భయపడండి

ప్రశ్న: మధ్యధరా సముద్రపు లిల్లీ, పాంక్రేషియం మారిటిమం అని పేరు రాసున్న గడ్డలు మూడు మా అబ్బాయి ఆన్‌లైన్లో తెప్పించాడు. చలిదేశం మొక్క కదా అని నీడలో కుండీ పెట్టి, పెరటి మట్టిలో పశువుల ఎరువు కలిపి రోజూ నీళ్ళు పోశాను. శ్రావణంలో రెండు కుళ్ళిపోయాయి. మూడోదైనా దక్కుతుందా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: చలిదేశం అని ఎవరు చెప్పారమ్మా! స్పెయిన్ నుంచి ఇజ్రాయెల్ దాకా, అటు ఉత్తర ఆఫ్రికా ఒడ్డున కూడా, కాళ్ళు కాలిపోయే ఇసుక తిన్నెల్లో పెరిగే మొక్క అది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవంతా దాదాపు చుక్క రాలదు. మనకేమో సరిగ్గా తిరగబడి జూన్ నుంచి అక్టోబరు దాకా కురుస్తూనే ఉంటుంది, పైగా మన డెల్టా బంకమట్టి ఒకసారి తడిస్తే ఓ పట్టాన ఆరదు, అందులో ఎరువొకటి.

గడ్డని తీసి వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే టెన్షన్ లేదు. మెత్తబడిన పొరలూ నల్లబడిన వేళ్ళూ ఉంటే తీసేసి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఇది ఇసుకలో బాగా లోతుకి దిగే గడ్డ, కాబట్టి పళ్ళెంలాంటి కుండీ కాకుండా అడుగున చిల్లులున్న లోతైనది తీసుకుని, మూడొంతులు ముతక గోదావరి ఇసుక, ఒక వంతు మట్టి కలిపి మెడ దాకా పూడ్చండి. ఎండ పడాలి, వాన పడకూడదు, అలాంటి వరండా చూసుకోండి. కార్తీకం నుంచి మాఘం దాకా పైన ఇసుక పొడిబారాకే నీళ్ళు, తర్వాత బాగా తగ్గించేయండి.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. కడియం నర్సరీల్లో దొరికే స్పైడర్ లిల్లీ పువ్వు అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ అది అమెరికా ఖండాల మొక్క, ఆకు వెడల్పుగా పచ్చగా మెరుస్తుంది. దీని ఆకు సన్నగా, బూడిద పూసినట్టు ఉంటుంది, గింజలు బొగ్గుముక్కల్లా నల్లగా తేలిగ్గా ఉంటాయి. అయినా స్పైడర్ లిల్లీ మీరు పోసిన నీళ్ళకి చావదు లెండి, కాలవ గట్టున కూడా బతికేస్తుంది, అందుకే మీది అసలుదేనేమో అనిపిస్తోంది.

పూస్తుందని మాత్రం మాటివ్వలేను. పూస్తే సాయంత్రం విచ్చుకుని ఘుమఘుమలాడుతుంది, మన చిలగడదుంప ఆకులు తినే లావుపాటి పురుగు రెక్కలొచ్చి చిమ్మటయ్యాక వాలేది ఇలాంటి తెల్లపూల దగ్గరికే.

అన్నట్టు, గడ్డ ఆరబెట్టేది వంటింట్లో ఉల్లిపాయల బుట్ట పక్కన కాదు సుమండీ, అది విషం, చూడ్డానికి ఉల్లిగడ్డలాగే ఉంటుంది.