పసుపు కవరు మర్చిపోకు, బుజ్జీ

చి.సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ గుడివాడ నుంచి ఫోన్ చేసింది. నువ్వు ఫిలడెల్ఫియా వెళ్ళి సిటిజన్‌షిప్ ప్రమాణం చేసొచ్చావని, చిన్న జెండా పట్టుకుని దిగిన ఫోటో పంపావని చెప్తుంటే కళ్ళు చెమర్చాయి. నవంబరులో ఓటు కూడా వేస్తావట. విని పొంగిపోయాను. అప్పటికి ప్రాజెక్టు పని మీద నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటావనీ, అక్కడి నుంచే ఓటు పోస్టులో పంపిస్తావనీ కూడా అంది. అంతే, నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆసాంతం చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఓటరు నమోదు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, డ్రైవింగ్ లైసెన్సు నంబరు చాలు. ఎన్నిక 2026 నవంబరు 3న. మన పెన్సిల్వేనియాలో నమోదుకి గడువు పదిహేను రోజుల ముందు, అంటే అక్టోబరు 19. అందాకా ఆగకు, ఈ శనివారమే చేసెయ్. అడ్రసు ఇక్కడి ఇంటిదే ఇవ్వు. పేరు మాత్రం లైసెన్సు మీద ఎలా ఉందో పొల్లుపోకుండా అలాగే కొట్టు. మనవాళ్ళకి ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, అక్కడే తంటా వస్తుంది. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో కూడా నువ్వు సిటిజన్‌వి అయ్యావని చెప్పి రికార్డు మార్పించుకో. పార్టీ అని ఒక గడి ఉంటుంది. ఇక్కడ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఆ పార్టీలో నమోదైనవాళ్ళకే ఓటు కాబట్టి ఆలోచించి పెట్టు. ఎవరికి వెయ్యాలో నేను చెప్పను. మీ పెదనాన్న కూడా నాకెప్పుడూ చెప్పలేదు.

ఇక నా భయం. నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని నమోదు చేసుకుంటుంటే అల్లుడుగారు పక్కనే ఉంటారు. "పనిలో పనిగా నాది కూడా చేసెయ్" అంటారు. వద్దమ్మా. ఆయనకి ఇంకా గ్రీన్ కార్డే. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్-1బీ ఉన్నా ఈ ఎన్నికలో ఓటు లేదు. వేస్తే 1996లో వచ్చిన చట్టాల ప్రకారం నేరం, దేశం నుంచి పంపేయడానికి కూడా ఆ ఒక్క కారణం చాలు. ఓటు వెయ్యకపోయినా, "నేను సిటిజన్‌ని" అనే చోట టిక్కు పెట్టి సంతకం చేస్తే అదే మెడకు చుట్టుకుంటుంది. సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్-400 ఫారంలో నువ్వు జవాబు రాసే ఉంటావు, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యావా, ఎప్పుడైనా ఓటేశావా అని. మాకు తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడు లైసెన్సు పని మీద వెళ్ళి, స్క్రీన్ మీద అడిగిన ప్రతిదానికీ ఎస్ కొట్టుకుంటూ పోయాడు. ఇంటికి ఓటరు కార్డు వచ్చింది. పాపం, ఓటు ఒక్కసారీ వెయ్యలేదు. అయినా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఆ సంగతి బయటపడి లాయర్ల చుట్టూ తిరిగాడు. వాళ్ళమ్మ మా సోఫాలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తు. గుడి దగ్గరా, ఇండియన్ స్టోరు ముందూ అట్ట పట్టుకుని నమోదు చేయించేవాళ్ళు ఉంటారు. మంచివాళ్ళే, కానీ మన వీసా సంగతి వాళ్ళకేం తెలుసు? ఈ పేరా అల్లుడుగారికి చదివి వినిపించు. కోప్పడ్డాననుకోవద్దని చెప్పు.

మన ఊరి ఓటర్ల లిస్టులో నీ పేరు ఇంకా ఉంటే ఫారం 7 పెట్టి తీయించేయమని మీ నాన్నకి చెప్పు. ఇప్పుడు నీకు అక్కడ ఓటు లేదు, వేరే దేశం సిటిజన్లైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో ఓటు రాదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకైనా ఫారం 6ఏతో పేరు ఎక్కుతుంది గానీ, పోస్టులో వేసే వీలు లేదు, ఊరికి వెళ్ళాల్సిందే. 2024 మేలో అంతంత టికెట్లు కొనుక్కుని ఇక్కడి నుంచి వెళ్ళి ఓటేసొచ్చిన మన పిల్లల్ని చూసి నాకు గర్వంగా అనిపించింది. నీకు ఆ ఖర్చు లేదు, స్టాంపు ఖర్చే.

ఓటరుగా నమోదవగానే బ్యాలెట్ కోసం వేరే అప్లికేషన్ పెట్టాలి. ఊళ్ళో ఉండవు కాబట్టి ఆబ్సెంటీ అని పెట్టొచ్చు. 2019 చట్టం వచ్చాక ఏ కారణం చెప్పకుండా మెయిల్-ఇన్ బ్యాలెట్ కూడా అడగొచ్చు. ఏదడిగినా వచ్చే కవర్లు ఒకే తీరు. గడువు అక్టోబరు 27 సాయంత్రం 5 గంటలు. కానీ ఆ గడువుని నమ్ముకుని కూర్చుంటే బ్యాలెట్ వచ్చేలోపు ఎన్నికే వచ్చేస్తుంది. బ్యాలెట్ ఎక్కడికి పంపాలన్నచోట షార్లెట్ అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా రాయి. ఇక్కడి ఇంటికొస్తే పోస్టువాళ్ళు దాన్ని మామూలు ఉత్తరంలా అక్కడికి మళ్ళించరు.

అక్కడ నీతో పనిచేసేవాళ్ళు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలని చెప్తారు, అది నార్త్ కరోలినా రూలు. సియాటిల్‌లో మన పిల్లలు ఎన్నిక రోజు పోస్టుమార్కు, అంటే పోస్టాఫీసు తేదీ ముద్ర, పడితే చాలంటారు, అది వాషింగ్టన్ రాష్ట్రం రూలు. నీ ఓటు పెన్సిల్వేనియాది. ఇక్కడ సాక్షులతో పని లేదు, పోస్టుమార్కుతోనూ పని లేదు. ఎన్నిక రోజు రాత్రి 8 లోపు కవరు కౌంటీ ఎన్నికల ఆఫీసుకి చేరి ఉండాలి, అంతే.

మీ పెదనాన్న సంగతి ఇప్పుడు చెప్తాను. మీకెవరికీ పూర్తిగా తెలియదు, ఆయనే చెప్పొద్దన్నారు. నీ కోసమంటే ఏమీ అనుకోరులే.

2020, కోవిడ్ రోజులు. షుగర్ మనిషి, బూత్‌కి వెళ్ళొద్దని పిల్లలు గొడవ చేస్తే ఇద్దరం బ్యాలెట్లు తెప్పించుకున్నాం. జీవితమంతా ఆడిటింగ్ చేసిన మనిషి ఆయన, లెక్కలో పైసా తేడా వస్తే తెల్లవార్లూ కూర్చునేవారు. డైనింగ్ టేబుల్ మీద కాగితాలన్నీ పరిచి, కళ్ళజోడు తుడుచుకుని, నల్ల పెన్నుతో ఒక్కో గుండ్రం గీత దాటకుండా నింపారు. 2016లో మన రాష్ట్రంలో అరవై లక్షల పైచిలుకు ఓట్లు పడితే తేడా 44 వేలేనని చెప్తూ నింపారు. నాది నేను వంటింటి గట్టు మీద నింపుకున్నాను. ఆయన బ్యాలెట్ మడిచి కవర్లో పెట్టి, అంటించి, సంతకం చేసి, తేదీ వేసి, స్వయంగా కారులో వెళ్ళి కౌంటీవాళ్ళ డబ్బాలో వేసొచ్చారు.

ఎన్నికయ్యాక గురువారం నాడు టేబుల్ సర్దుతుంటే, కిరాణా షాపుల ప్రకటన కాగితాల మధ్య తెల్ల కవరు ఒకటి కనపడింది. ఖాళీ కవరు. బ్యాలెట్‌ని ముందు అందులో పెట్టి, దాన్ని తీసుకెళ్ళి పెద్ద కవర్లో పెట్టాలి. నాది నేను పంపేశాను, కాబట్టి అది ఆయనదే. టీవీలో మన రాష్ట్రం లెక్కింపే నడుస్తోంది, శనివారం దాకా తేలలేదు కదా. కవరు చూసి రిమోట్ తీసుకుని టీవీ సౌండ్ ఆపేశారు. ఆ సెప్టెంబరులోనే రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది, లోపలి కవరు లేని బ్యాలెట్ లెక్కలోకి రాదని. పేపర్లో చదివి నాకు చెప్పింది కూడా ఆయనే.

లోపలి కవరు ఎందుకంటే, బయటి కవరు మీద నీ పేరుంటుంది. ఆఫీసువాళ్ళు దాన్ని విప్పి లోపలి కవర్లన్నీ ఒకచోట కలిపేశాకే బ్యాలెట్లు తీస్తారు. అప్పుడు ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎన్నిక రోజు పొద్దున ఏడింటి దాకా ఆ విప్పడమే మొదలవదు. లోపల ఏం తక్కువైందో తేలేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

ఆ తర్వాత ప్రతి ఎన్నికకీ బూత్‌కే వెళ్ళారు, వాకర్ పట్టుకుని కూడా వెళ్ళారు. కానీ మళ్ళీ ప్రెసిడెంట్ ఎన్నిక వచ్చేసరికి ఆయన లేరు.

ఆయన బాధ చూసినప్పుడు నాకు మీ అమ్మమ్మ గుర్తొచ్చింది. 1978 అసెంబ్లీ ఎన్నికలు. నాకు అప్పటికి ఇరవయ్యొకటి నిండలేదు, ఓటు లేదు. అమ్మ ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, ఉతికిన వెంకటగిరి చీర కట్టుకుని మధ్యాహ్నం బడికి వెళ్ళింది. నీ ఓటు పడిపోయిందమ్మా అన్నారట. సిరా చుక్క లేని వేలు చూపించి అక్కడే నిలబడిపోయింది. ఏదో వేరే కాగితం మీద గుర్తు వేయించుకుని కవర్లో పెట్టుకున్నారు, టెండర్ ఓటు అంటారు దాన్ని, మామూలుగా లెక్కలోకి రాదు. ఆ రాత్రి అన్నం తినలేదు. తర్వాత ఏ ఎన్నికైనా వంట పొయ్యి ఎక్కకముందే లైన్లో మొదటి మనిషి మీ అమ్మమ్మే. అమెరికాలో ఓటేసే మనవరాలు ఉందని తెలిస్తే ఊరంతా చెప్పుకునేది.

అందుకని జాగ్రత్తగా విను. ఇప్పుడు లోపలి కవరు పసుపు రంగులో ఇస్తున్నారు, కనపడలేదనే మాట ఉండదు. బ్యాలెట్ నింపడానికి ముందే దాన్ని తీసి ఎదురుగా పెట్టుకో. దాని మీద ఏమీ రాయకు. మనకి ఏ కాగితం ముట్టుకున్నా పైన శ్రీరామ అని రాసే అలవాటు. ఎవరిదో గుర్తుపట్టేలా పసుపు కవరు మీద ఏ రాత ఉన్నా ఓటు చెల్లకుండా పోవచ్చు, కాబట్టి ఆ నామం మనసులో అనుకో. బయటి కవరు మీద సంతకం పెట్టు, ఆ రోజు తేదీ వెయ్. పుట్టినరోజు తేదీ వేసేవాళ్ళున్నారు, అలా చెయ్యకు. ఈ తేదీ గొడవ కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలుగుతోంది. ఆ తీర్పులతో మనకి పని లేకుండా సరిగ్గా వేసెయ్.

కనీసం వారం ముందు పోస్టు చెయ్, నా మాట వింటే ఇంకా ముందే. కవరు నువ్వే స్వయంగా వెయ్యాలి. అల్లుడుగారు ఆఫీసుకి వెళ్తూ వేస్తానన్నా ఇవ్వకు, ఇక్కడ ఎవరి ఓటు వాళ్ళే పంపాలని చట్టం. రాష్ట్రం వెబ్‌సైటులో నీ బ్యాలెట్ ఎక్కడుందో చూసుకోవచ్చు, అందిందని పడేదాకా చూస్తూ ఉండు. బ్యాలెట్ ఆలస్యమై పోస్టుకి వేళ లేకపోతే విమానమెక్కి వచ్చెయ్. టికెట్ నేను కొంటాను. ఆ బ్యాలెట్, బయటి కవరు రెండూ వెంట తెచ్చుకో. అవి బూత్‌లో అప్పజెప్తే మామూలుగానే వేయనిస్తారు. తేకపోతే ప్రొవిజనల్ బ్యాలెట్ ఇచ్చి తర్వాత చూస్తామంటారు.

బ్యాలెట్ చేతికొచ్చిన రోజు నాకు వీడియో కాల్ చెయ్. ఎవరికి వేశావో చూపించకు, పసుపు కవరు అంటించడం మాత్రం చూపించు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ